కూడబలుక్కోవడం దగ్గరే ఆగిపోయిన చదువు: తెలుగు పిల్లల్లో డిస్లెక్సియా ఎలా కనిపిస్తుంది

మా అక్క కొడుకు మూడో తరగతిలో ఉన్నప్పటి మాట. ఒక ఆదివారం తెలుగు వాచకం తెచ్చుకుని నా పక్కన కూర్చుని పాఠం చదివి వినిపించాడు. తడబాటు లేదు, గడగడా చదివేశాడు. మధ్యలో ఎందుకో వాడి వేలు వైపు చూశాను. నోరు రెండో పేరాలో ఉంది, వేలేమో మొదటి పేరా చివరి లైను మీదే ఉంది. పేజీ తిప్పాల్సిన చోట తిప్పలేదు, నోరు మాత్రం ఆగలేదు. పాఠం మొత్తం వాడికి నోటికొచ్చు, క్లాసులో టీచర్ చదువుతుంటే, పక్కవాళ్లు చదువుతుంటే విని పట్టేసుకున్నాడు. అదే పుస్తకంలో ఇంకా చెప్పని పాఠం తీసి ఒక్క వాక్యం చదవమన్నాను. నిమిషం పైనే పట్టింది. ఒక్క అక్షరం కూడా తప్పు చదవలేదు, కానీ ఆ నిమిషంలో వాడి నుదురు తడిసిపోయింది.

ఆ తప్పు లేకపోవడమే మమ్మల్ని ఏడాదిన్నర పాటు పక్కదారి పట్టించింది. డిస్లెక్సియా అనే మాట మేమూ విన్నాం. అంటే అక్షరాలు తిరగబడి కనిపించడం, ఇంగ్లీషులో బి ని డి అనడం అని మాకు తెలిసింది అంతే. వీడు అలాంటివేం చేయట్లేదు కదా అనుకున్నాం. స్కూలు డైరీలో మాత్రం వారం వారం ‘స్లో’, ‘కేర్‌లెస్’, ‘నోట్స్ పూర్తి చేయలేదు’ అని వచ్చేది. తర్వాత చదివి, తెలిసినవాళ్లను అడిగి అర్థం చేసుకున్నదేమిటంటే, డిస్లెక్సియా గురించి మన దగ్గర తిరిగే మాటల్లో చాలావరకు ఇంగ్లీషు చదివే పిల్లల్ని చూసి చెప్పినవి. తెలుగులో అది వేరే రూపంలో ఉంటుంది, అందుకే కళ్ల ముందే ఉన్నా దొరకదు.

డిస్లెక్సియా అంటే ఏది, ఏది కాదు

పిల్లాడికి తెలివి ఉంది, చూపు, వినికిడి బాగున్నాయి, బడికి రోజూ వెళ్తున్నాడు, చెప్పేవాళ్లు చెబుతున్నారు. అయినా రాసి ఉన్న మాటను సరిగ్గా, వేగంగా గుర్తుపట్టడం, మాటను తప్పుల్లేకుండా రాయడం ఏళ్ల తరబడి కష్టంగానే ఉంటే దాన్ని డిస్లెక్సియా అంటారు. ఈ ‘ఏళ్ల తరబడి’ అన్నది ముఖ్యం. ఒకటో తరగతిలో అందరూ కూడబలుక్కునే చదువుతారు. ‘ప...ల...క, పలక’ అని. మిగతా పిల్లలు ఒకటి రెండేళ్లలో అందులోంచి బయటికి వచ్చి మాటను ఒక్క చూపులో పట్టేస్తారు, డిస్లెక్సియా ఉన్న పిల్లలు అక్కడే ఉండిపోతారు.

ఈ మాట పుట్టింది 1887లో, జర్మనీలో రుడాల్ఫ్ బెర్లిన్ అనే కంటి డాక్టర్ దగ్గర. ఆయన చూసింది మెదడు దెబ్బతిని చదువు మరిచిపోయిన పెద్దవాళ్లని. పుట్టుకతోనే ఇలాంటి ఇబ్బంది ఉండొచ్చని 1896లో ఇంగ్లండ్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. పద్నాలుగేళ్ల కుర్రాడు, లెక్కల్లో చురుకు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, మాటలు చదవడం మాత్రం రాదు. చదువంతా నోటితో చెప్పేదే అయితే బడిలో అందరికన్నా తెలివైనవాడు వీడే అయ్యుండేవాడు అని వాళ్ల మాస్టారు అన్నాడట. నూట ముప్పై ఏళ్లనాటి ఆ మాట చదివినప్పుడు నాకు మావాడి వేలే గుర్తొచ్చింది.

మొదట్లో దీన్ని పట్టించుకున్నవాళ్లలో కంటి డాక్టర్లు ఉండటం వల్ల కూడా కావచ్చు, ఇది చూపుకు సంబంధించిన సమస్య అనే నమ్మకం ఇప్పటికీ పోలేదు. అక్షరాలు తలకిందులుగా రాయడం ఏడేళ్లలోపు పిల్లలందరిలో ఉండేదే, అదొక్కటే దేనికీ గుర్తు కాదు. రంగు అద్దాలు, కంటి వ్యాయామాల వల్ల డిస్లెక్సియా తగ్గుతుందనడానికి ఆధారాలు లేవని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, కంటి డాక్టర్ల సంఘాలు కలిసి 2009లోనే ప్రకటించాయి.

చదివేటప్పుడు మెదడు ఏం చేస్తుంది

మాట్లాడటం పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు, వింటూ వింటూ వచ్చేస్తుంది. రాత అలా కాదు, అది మనుషులు కనిపెట్టి ఐదువేల ఏళ్లు దాటిందేమో అంతే. చదువు కోసమని మెదడులో పుట్టుకతో ప్రత్యేకంగా భాగమేదీ ఉండదు. చూపుకు, మాటకు ఉన్న భాగాల మధ్య ప్రతి బిడ్డా కొత్తగా దారి వేసుకోవాలి. ఈ ఆకారానికి ఈ శబ్దం అని కొన్ని వేలసార్లు జతచేశాక అది ఆలోచించకుండానే జరిగిపోతుంది.

శబ్దం వైపు ఏం జరుగుతుందో చిన్న ఉదాహరణతో చూద్దాం. ‘కమల’లో క తీసేస్తే ఏం మిగులుతుంది అని అడిగితే ఐదేళ్ల పిల్లలు చాలామంది ‘మల’ అంటారు. ఇంగ్లీషు ‘స్టాప్’లో మధ్యలో ఉన్న ట్ తీసేసి చెప్పు అంటే ‘సాప్’ అని చెప్పడానికి చాలా సమయం పడుతుంది, ఎందుకంటే అక్షరం కన్నా చిన్న ముక్కను చెవితో విడదీయాలి. మాటను ఇలా శబ్దాలుగా విడగొట్టి, మళ్లీ కలిపే పనిలో డిస్లెక్సియా ఉన్న పిల్లలు వెనకబడతారన్నది పరిశోధకుల్లో ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఇదొక్కటే సరిపోదనేవాళ్లూ ఉన్నారు. చూసినదాని పేరు వెంటనే నోటికి రాకపోవడం రెండో ఇబ్బంది అంటారు వాళ్లు. వరసగా రంగుల గళ్లు చూపించి ‘ఎరుపు, పచ్చ, నీలం, ఎరుపు’ అని చకచకా చెప్పమంటే, ఆ రంగులన్నీ తెలిసిన పిల్లాడే ఒక్కోదాని దగ్గరా అరక్షణం ఆగుతాడు. ఈ రెండూ ఒకే బిడ్డలో ఉండొచ్చు, ఒక్కటే ఉండొచ్చు.

భాష మారితే ఈ ఇబ్బంది మారుతుందా? 2001లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఇంగ్లీషు, ఫ్రెంచ్, ఇటాలియన్ చదివేవాళ్లలో డిస్లెక్సియా ఉన్నవాళ్లను స్కాన్ చేసి చూస్తే మూడు చోట్లా ఎడమ మెదడులో ఒకే భాగం తక్కువ పనిచేస్తోంది. కానీ చదివించి చూస్తే ఇటలీవాళ్లు మిగతా ఇద్దరికన్నా చాలా మెరుగ్గా చదివారు. ఇటాలియన్‌లో రాసింది రాసినట్టే పలుకుతారు కాబట్టి. మూలం ఒకటే అయినా అది బయటపడే తీరును ఆ భాష లిపి నిర్ణయిస్తుందన్నమాట.

ఇంగ్లీషులో తప్పు, తెలుగులో ఆలస్యం

ఇంగ్లీషులో వీరుడనే అర్థంలో ‘నైట్’ రాయాలంటే కె, ఎన్, ఐ, జి, హెచ్, టి అని ఆరు అక్షరాలు కావాలి, అందులో కె పలకం, జి, హెచ్ పలకం. ఇ, ఏ పక్కపక్కన వస్తే ‘బ్రెడ్’లో ఒక శబ్దం, ‘బీడ్’లో ఒకటి, ‘గ్రేట్’లో ఇంకొకటి. ఇలాంటి భాషలో శబ్దాల మీద పట్టులేని పిల్లాడు ఊహించి చదువుతాడు, ఊహ తప్పుతుంది, తప్పు అందరికీ వినబడుతుంది.

తెలుగులో ఆ బాధ తక్కువ. చకారం, జకారం రెండు రకాలుగా పలకడం లాంటివి కొన్ని తప్పితే రాసిందే చదువుతాం. కాబట్టి డిస్లెక్సియా ఉన్న పిల్లలు కూడా ఆలస్యంగానైనా అక్షరాలన్నీ నేర్చేసుకుంటారు, ఒక్కొక్కటీ కూడబలుక్కుంటే సరైన మాటే వస్తుంది. వేగం మాత్రం రాదు. జర్మన్, ఇటాలియన్ లాంటి భాషల్లో జరిగిన పరిశోధనల్లోనూ ఇదే తేలింది, పెద్దయ్యేకొద్దీ తప్పులు తగ్గిపోతాయి, నిదానం మాత్రం మిగిలిపోతుంది. తప్పుల కోసం చూసే టీచర్‌కు, తల్లిదండ్రులకు ఈ పిల్లాడు ‘వచ్చుగానీ బద్ధకం’ అన్నట్టే కనిపిస్తాడు.

అలాగని తెలుగు లిపి తేలికని కాదు. దాని బరువు వేరే చోట ఉంది. హల్లులు ముప్పై ఐదు అనుకుంటే, గుణింతంలో ఒక్కోదానికి పదిహేను దాకా రూపాలు, ఒత్తులు కలపకముందే ఐదు వందల పైన ఆకారాలయ్యాయి. ప, ఫ, ష, స ఒక పోలిక, వ, మ ఒక పోలిక, ద, ధ, థ మధ్య తేడా చిన్న గీత, చిన్న చుక్క. ‘ముద్ద’లో ద కింద పెట్టే ఒత్తు తలకట్టు తీసేసిన దలాగే ఉంటుంది, కానీ ‘అత్త’లో త కింద పెట్టేది తలా ఉండదు, ‘అమ్మ’లో మ కింద పెట్టేది మలా ఉండదు, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. ‘చక్రం’ చూడండి. ర ఒత్తు క కి ఎడమ పక్క నుంచి మొదలై కింద చుట్టుకుంటుంది, చూపుకు ముందు తగిలేది అదే, పలికేటప్పుడు మాత్రం క తర్వాతే ర రావాలి. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. ఏ ఇబ్బందీ లేని పిల్లలకు కూడా అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగైదు తరగతుల దాకా పడుతోందని అందులో తేలింది. ఇంగ్లీషులో ఇరవై ఆరు అక్షరాలు ఒకటో తరగతిలోనే అయిపోతాయి కాబట్టి, అదే కొలబద్దతో తెలుగు పిల్లల్ని చూడటం సరికాదు.

ఇంకో చిక్కు మాట పొడవు. ‘వెళ్ళిపోయాడనుకున్నాను’ అన్నది మనకు ఒకే మాట. కూడబలుక్కునే పిల్లాడికి అది వె, ళ్ళి, పో, యా, డ, ను, కు, న్నా, ను అని తొమ్మిది మెట్లు. ఏడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి మొదటి రెండూ బుర్రలోంచి జారిపోతాయి. అప్పుడు మళ్లీ మొదటికి వెళ్తాడు, లేదా మొదటి మూడు అక్షరాలు చూసి ‘వెళ్ళిపోయాడు’ అనేసి ముందుకు పోతాడు. మావాడు చేసే ‘కేర్‌లెస్ తప్పులు’ చాలావరకు ఇవే, మాట చివర మింగేయడం. తెలుగులో వెళ్లింది ఎవరు, అనుకున్నది ఎవరు, అవునా కాదా అన్నదంతా మాట చివరే ఉంటుంది కదా, దాంతో అర్థం మొత్తం తారుమారు.

నిదానం ఒక్కటే ఉంటే ఏమవుతుంది

నెమ్మదిగా చదివితే నష్టమేముంది, వచ్చుగా అని మా అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. లెక్క వేసి చూద్దాం. ఒక ప్రశ్నపత్రంలో నాలుగు వందల మాటలున్నాయనుకోండి. నిమిషానికి అరవై మాటలు చదివే అమ్మాయికి అది చదవడానికి ఏడు నిమిషాలు కూడా పట్టదు. నిమిషానికి ఇరవై మాటలు చదివే అబ్బాయికి ఇరవై నిమిషాలు. ఇది ఒక్కసారి చదివితేనే. తిరిగి చూసుకోవడం, రాసిన జవాబు సరిచూసుకోవడం, పేరా ఇచ్చి ప్రశ్నలడిగితే నాలుగుసార్లు పైకీ కిందకీ వెతుక్కోవడం కలిపితే పరీక్షలో మూడో వంతు చదవడానికే పోతుంది.

దానికన్నా పెద్ద నష్టం అర్థం దగ్గర. బుర్రలో ఉన్న శక్తంతా అక్షరాలు విప్పడానికే ఖర్చయితే కథలో ఏం జరిగిందో పట్టుకోవడానికి ఏమీ మిగలదు. లెక్కల పుస్తకంలో ఒక ప్రశ్న ఉంది: ‘రాము తన దగ్గరున్న 24 మామిడిపళ్లలో సగం కన్నా 3 తక్కువ చెల్లెలికిచ్చాడు. చెల్లెలికి ఎన్ని వచ్చాయి?’ మావాడు దాన్ని తనంతట తాను చదివి, ఇరవై నాలుగులోంచి మూడు తీసేసి ఇరవై ఒకటి అని రాశాడు. ‘సగం కన్నా’ అనేది దారిలోనే పోయింది. అదే ప్రశ్న నేను నోటితో చెప్తే, పైకి చూసి ‘తొమ్మిది’ అన్నాడు. పుస్తకం ముందు పెడితే రానిది, చెవికి వినిపిస్తే వస్తోంది. ఈ తేడానే డిస్లెక్సియాను వెతికేవాళ్లు మొదట చూసేది.

చదవలేని పిల్లలందరికీ ఇదేనా

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. పల్లెటూరి పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే 2024లో చెప్పినదాని ప్రకారం దేశం మొత్తం మీద గ్రామీణ ప్రాంతాల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు దాదాపు సగమే. మిగతా సగానికి డిస్లెక్సియా ఉందని ఎవరూ అనరు. టీచర్లు చాలకపోవడం, బడి మానేసి పనులకు పోవడం, ఇంట్లో పుస్తకమన్నదే లేకపోవడం, కారణాలు చాలా ఉంటాయి. ఇంట్లో తెలుగో, లంబాడీయో, ఉర్దూనో మాట్లాడే పిల్లాడు ఎల్‌కేజీ నుంచే ఇంగ్లీషులో చదవడం నేర్చుకుంటుంటే, వాడు తడబడేది మాట తెలియకా, అక్షరం పట్టుబడకా అన్నది పైకి చూసి చెప్పలేం. పరీక్ష చేసేవాళ్లు ఇంట్లో మాట్లాడే భాషలో కూడా చదివించి చూడటం అందుకే. రెండు భాషల్లోనూ అదే ఇబ్బంది ఉండి, కొన్ని నెలలు పద్ధతిగా నేర్పినా తోటివాళ్లంత కదలిక లేకపోతే అప్పుడు అనుమానం బలపడుతుంది.

ఎంతమందికి ఉంటుందన్న ప్రశ్నకు నూటికి ఐదు నుంచి పది అనే అంకె ఎక్కువగా వినిపిస్తుంది, ఇరవై దాకా చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇంత తేడా ఎందుకంటే చదివే సామర్థ్యం ఎత్తు లాంటిది, బీపీ లాంటిది. ఒకవైపు బాగా చదివేవాళ్లు, ఇంకోవైపు బాగా కష్టపడేవాళ్లు, మధ్యలో ఎక్కడా గోడ ఉండదు. 1992లో అమెరికాలో షేవిట్జ్ బృందం చెప్పింది ఇదే. గీత ఎక్కడ గీస్తామన్నదాన్ని బట్టి అంకె మారుతుంది.

ఆ పేరు పెట్టడం వల్ల మేలా, కీడా

దీని మీద పండితుల్లోనే గట్టి వాదన ఉంది. ఇంగ్లండ్‌లో డర్హమ్ యూనివర్సిటీకి చెందిన జూలియన్ ఎలియట్ వాదన ఏమిటంటే, డిస్లెక్సియా ఉందని తేల్చినా, ఊరికే చదువు రాదని తేల్చినా ఇద్దరికీ ఇచ్చే సాయం ఒకటే, అలాంటప్పుడు డబ్బున్నవాళ్ల పిల్లలు పరీక్ష చేయించుకుని పేరు తెచ్చుకోవడం, లేనివాళ్ల పిల్లలు మొద్దులనిపించుకోవడం ఎందుకు, చదవలేని ప్రతి బిడ్డకూ వెంటనే సాయం చేస్తే సరిపోదా అని. మన ఊళ్లలో పరీక్షకయ్యే ఖర్చు, వాటిని చేసేవాళ్లు ఏ ఊళ్లలో ఉంటారో చూస్తే ఈ మాట కొట్టిపారేయలేం.

అవతలివాళ్లు చెప్పేదీ వినాలి. పేరు లేకపోతే పిల్లాడు తనకు తానే ఒక పేరు పెట్టుకుంటాడు, అది ‘మొద్దు’ అవుతుంది అంటారు వాళ్లు. చట్టం ఇచ్చే వెసులుబాటుకు కూడా పేరే కావాలి. ఐక్యూ మీద కూడా ఇలాంటి తగువే. తెలివి ఎక్కువ, చదువు తక్కువ అయితేనే డిస్లెక్సియా అని ఒకప్పుడు లెక్కగట్టేవాళ్లు. ఐక్యూ తక్కువున్న పిల్లల్లోనూ అదే శబ్దాల ఇబ్బంది కనిపించడంతో 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల మాన్యువల్‌లో ఆ తేడా లెక్క తీసేశారు. మన దగ్గర సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఐక్యూ పరీక్ష ఇప్పటికీ ఒక మెట్టే. నా మటుకు నాకు, పేరు తెలిసిన రోజు మావాడి ముఖంలో వచ్చిన తేలిక చూశాక, పేరు అనవసరం అనలేకపోతున్నాను.

ఇది ఇంట్లో నడిచేదే

డిస్లెక్సియా చాలావరకు వంశంలో వస్తుంది. 2022లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన అధ్యయనంలో యాభై వేలమందికి పైగా డిస్లెక్సియా ఉన్న పెద్దవాళ్ల జన్యువులు చూసి, దీనితో సంబంధమున్న 42 చోట్లు గుర్తించారు. ఒక్కోదాని ప్రభావం అతి చిన్నది, కాబట్టి ‘డిస్లెక్సియా జన్యువు’ అంటూ ఒకటి లేదు, రక్తపరీక్షతో తేలేదీ కాదు. మావాడి ఫారంలో ‘కుటుంబంలో ఇంకెవరికైనా’ అన్న గడి దగ్గర అక్క ‘లేదు’ అని రాయబోతుంటే బావ ఆపాడు. ఆయన సొంతంగా మెకానిక్ షెడ్డు నడుపుతాడు, ఏ ఇంజిన్ అయినా శబ్దం విని జబ్బు చెప్తాడు. పేపర్ మాత్రం ఎప్పుడూ హెడ్డింగులే చూస్తాడు. ‘పదో తరగతి తెలుగు మూడుసార్లు రాశాను, రాయి’ అన్నాడు.

చట్టం ఏం చెప్తుంది, పరీక్ష హాల్లో ఏం జరుగుతుంది

1995 నాటి వికలాంగుల చట్టంలో డిస్లెక్సియా లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు’ ఒకటి. డిస్లెక్సియాతో పాటు రాతలో ఇబ్బంది అయిన డిస్‌గ్రాఫియా, లెక్కల్లో ఇబ్బంది అయిన డిస్‌కాల్క్యులియా కూడా అందులోకే వస్తాయి. 2018 జనవరిలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ తయారుచేసిన పరీక్షలతో, ఎనిమిదేళ్లు దాటాకే సర్టిఫికెట్ ఇవ్వాలి, పద్నాలుగేళ్లకు, పద్దెనిమిదేళ్లకు మళ్లీ చూడాలి అని అప్పట్లో పెట్టారు. తర్వాత 2024లో మార్గదర్శకాలు సవరించారు. సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో గంటకు ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం, చెబితే రాసిపెట్టే స్క్రైబ్ లాంటివి దొరుకుతాయి. సీబీఎస్‌ఈలో మూడో భాష మినహాయింపు కూడా ఉంది.

ఏ భాషలో పరీక్షిస్తున్నారన్నది ఇంకో చిక్కు. భారతీయ భాషల కోసమని మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో ‘డాలి’ అనే పరీక్షల సెట్ తెచ్చినప్పుడు అది హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చింది. మావాణ్ని పరీక్షించినావిడ మాటల జాబితా ఇంగ్లీషుది. తెలుగుకు ఆవిడ మూడో తరగతి వాచకం తెరిచి, చేతిలో ఫోన్ పట్టుకుని నిమిషానికి ఎన్ని మాటలో లెక్కపెట్టింది.

కాగితం మీది హక్కు హాల్లో అందకపోతే ఏమవుతుందో 2021లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డిస్‌గ్రాఫియా ఉన్న ఒక అమ్మాయికి నీట్‌లో రావాల్సిన అదనపు గంట ఇవ్వకుండా పేపర్ తీసేసుకున్నారు. జరిగింది అన్యాయమేనని కోర్టు ఆ నవంబరులో చెప్పింది, దాన్ని ఎలా సరిదిద్దుతారో చూడమని పరీక్ష నిర్వహించే సంస్థను ఆదేశించింది, మళ్లీ పరీక్ష పెట్టించడానికి మాత్రం ఒప్పుకోలేదు.

నేర్పితే ఎంతవరకు వస్తుంది

దీనికి మందు లేదు. ఫలితం బాగా రుజువైనది ఒకటే దారి, శబ్దానికీ అక్షరానికీ ఉన్న సంబంధాన్ని ఏదీ వదలకుండా, వరసగా, చిన్న చిన్న ముక్కలుగా, రోజూ నేర్పడం, నిన్నటిది ఇవాళ మళ్లీ చూడటం. 1930ల నాటి ఆర్టన్, గిలింగ్‌హామ్‌ల పద్ధతిలో దీనికి తోడు ఇసుకలో రాయించడం, వేలితో తడిమించడం ఉంటాయి. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో ఓనమాలు దిద్దించినట్టే. ఆ తడమడం వల్ల అదనంగా ఏమన్నా ఒరుగుతుందా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. కొంతమంది పిల్లలు ఇష్టపడతారు, అంతవరకు నిజం. డిస్లెక్సియా కోసమని అమ్మే ప్రత్యేకమైన ఫాంట్ల వల్ల వేగం పెరిగిందని పరీక్షల్లో కనబడలేదు.

మావాడికి వారానికి నాలుగు రోజులు ఇలా రెండేళ్లు నడిచింది. ఒత్తులన్నీ వచ్చాయి, మాటను మెట్లుగా కాకుండా ముక్కలుగా, ‘వెళ్ళిపోయాడు, అనుకున్నాను’ అని విరిచి చదవడం వచ్చింది, నిమిషానికి చదివే మాటలు రెట్టింపు దాటాయి. తోటివాళ్లు ఇంకా ముందే ఉన్నారు. ఇప్పుడు ఆరో తరగతి, చెప్పని పాఠం ఇచ్చినా చదువుతాడు, లైను కింద వేలు పెట్టుకునే.